వంటింటి ముచ్చట: మామ చేప, మన చేప

వర్లీ నుంచి ఒక చెల్లె ఉత్తరం రాసింది. పేరు వేయొద్దన్నది, వేయడం లేదు. ఆమె మామ 1982 సమ్మె దాకా మిల్లులో పని చేశారు. సమ్మె తర్వాత మళ్లీ పనిలోకి పిలుపు రాకపోతే భివండీ పోయి ఇరవై ఏండ్లు పరాయి సాంచాల మీద నిలబడ్డారు. ఈమధ్య ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. షుగరు, బీపీ ముందు నుంచే ఉన్నాయి. నూనెలో వేయించినవి తగ్గించమని డాక్టరు చెప్పారు. కొడుకు దీవాలి సేల్‌లో చిన్న కరెంటు గ్రిల్లు ఒకటి కొని తెచ్చాడు. పెట్టె మీద 'హెల్త్ గ్రిల్లు' అని పెద్ద అక్షరాలు. అప్పటి నుంచి ఐతారం వస్తే ఇంట్లో అందరికీ తవా మీద బాంగడా ఫ్రై, మామకు ఒక్కరికే గ్రిల్లు మీద కారం లేని చప్పటి ముక్క.

"మామ ముద్ద ముడుతలేడు అక్కా. నాకు దవాఖాన కూడు పెట్టి మీరు మంచిగ తినుండ్రి అని పల్లెం జరుపుతడు. నాకు రెండు వంటలైతున్నయ్, రెండు దిక్కుల మాటలు పడుతున్నయ్. అసలు ఈ మిషను ఆరోగ్యానికి మంచిదేనా, లేకపోతే మాళా మీద పడెయ్యాల్నా?" అని అడిగింది.

మాళా ఎక్కించకు చెల్లే. మిషను మంచిదే. కానీ దాన్ని 'మామ మిషను' అనుడు ముందుగా బంద్ చెయ్యి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టు.

అసలు ఆ 'హెల్త్' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం సంగతి తేలిపోతుంది. రెండు వేడి పలకలు, మీద పలక మూతలాగా వాలుతుంది, అడుగు పలక ముందుకు కొంచెం వాలి ఉంటుంది, కింద కారింది పట్టడానికి చిన్న ట్రే. ఇలాంటి గ్రిల్లు అమెరికాలో ఇంటింటికీ చేరింది 1994 నుంచి, జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ పేరుతో. 1974లో మహమ్మద్ అలీ చేతిలో ఓడిపోయిన ఫోర్‌మనే ఆయన. అదే 1994లో 45 ఏండ్ల వయసులో మళ్లీ చాంపియన్ అయ్యారు. అంత వయసులో అంత దమ్మున్న మనిషి చెప్తున్నాడంటే జనం కొనకుండా ఉంటారా? అక్కడి వాళ్లు ఎక్కువగా కాల్చుకునేది బర్గర్‌లో పెట్టే మాంసపు బిళ్ల. అందులో కొవ్వు బాగా ఉంటుంది. వేడికి ఆ కొవ్వు కరిగి వాలు మీదుగా ట్రేలోకి కారిపోతుంది. ట్రే నిండా కొవ్వు కనపడితే 'అబ్బ, ఇదంతా నా పొట్టలోకి పోయేది' అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ వాలు, ఆ ట్రే, ఆ పేరు, అన్నీ ఆ బిళ్ల కోసం పుట్టినవే.

మన ఇండ్లల్ల కాల్చేది ఏమిటి? చేప, తోలు తీసిన చికెన్, వంకాయ, ఆలుగడ్డ, పనీరు. వంకాయలో కారడానికి కొవ్వెక్కడిది? తోలు తీసిన చికెన్‌లో ఉన్నదే కొంచెం. ఇక బాంగడా సంగతి ఇంకా తమాషా. అది కొవ్వున్న చేపే, కానీ ఆ కొవ్వు గుండెకు మంచిదని డాక్టర్లే చెప్తారు. అది ట్రేలోకి కారిపోవడం లాభం కాదు, కొంచెం నష్టమే. అందుకని ట్రే చూసి మురవకండి. లాభం ట్రేలో లేదు, నూనె డబ్బాలో ఉంది.

ఆ లెక్క చూడండి. వంటల్లో వాడే పెద్ద చెంచా నిండా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, సుమారు 120 కేలరీలు. తవా మీద ఆరు బాంగడాలు రెండు వాయిలుగా వేయించాలంటే నాలుగైదు పెద్ద చెంచాలు పోస్తాం. అందులో కొంత చేపకు పడుతుంది, కొంత తవాలో మిగులుతుంది, ఆ మిగిలిన నల్ల నూనె పారేయడానికి మనసొప్పక సాయంత్రం కూరలో పోస్తాం. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. గ్రిల్లు మీద అవే ఆరు బాంగడాలకు ఒక పెద్ద చెంచాడు నూనె చాలు, చేపలకు చేత్తో రుద్దితే సరిపోతుంది. పోయని నూనె ఎంతో అంతే ఈ మిషను చేసే మేలు. గ్రిల్లు మీద కాల్చి, దించినంక మీద అమూల్ ముద్ద వేసి కరిగించే ఇండ్లు కూడా నేను చూశాను. అక్కడ మిషనుకు కరెంటు దండగ.

ఇంకొక సంగతి. షుగరు ఉన్నవాళ్లకు గ్రిల్లు మీద కాల్చిన ఆలుగడ్డ కూడా ఆలుగడ్డే. తెల్ల బ్రెడ్డు గీతలు పడేలా కాలిస్తే గోధుమ రొట్టె అయిపోదు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు లెక్క ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దుకాణంలో దొరికే తందూరీ మసాలా ప్యాకెట్లలో ఉప్పు మస్తు ఉంటుంది, ఆ ప్యాకెట్ వేసి మళ్లీ మనం ఉప్పు వేస్తాం. సుక్కా బోంబిల్ గ్రిల్లు మీద పెడితే కరకరలాడుతూ మహా రుచిగా వస్తుంది, నిజమే. కానీ అది ఉప్పులో ఎండిన చేప అయితే బీపీ మనిషికి అది గ్రిల్లు మీద కాలినా, బొగ్గు మీద కాలినా ఒకటే.

అయితే చెల్లే, మీ మామకు డాక్టరు వద్దన్నది నూనె. ఉప్పు తగ్గించమన్నారేమో. మరి కారం, అల్లం, వెల్లుల్లి, చింతపండు ఎవరు వద్దన్నారు? ఆపరేషన్ అయిన మనిషి అనగానే మనం భయానికి అన్నీ తీసేస్తాం. ఒకసారి డాక్టరును సూటిగా అడుగు: కారం తినొచ్చా, పులుపు తినొచ్చా, ఉప్పు ఎంత? కడుపులో మంటనో, కిడ్నీ బాధనో ఉంటే వేరే మాట. లేకపోతే ఆ చప్పటి ముక్క శిక్ష ఆయనకు ఎందుకు?

ఇప్పుడు చేప చేసే తీరు. బాంగడాను కోస్తా దిక్కు కనగుర్త అంటారు. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన లాటిన్ పేరులోనూ ఆ తెలుగు మాటే ఉంది: రాస్ట్రెల్లిగర్ కనగుర్త. మనం నేతోళ్లం, సముద్రం లేని దిక్కు నుంచి వచ్చినోళ్లం. మన పెద్దలు బొంబాయి వచ్చినంకనే దాని మొహం చూశారు కాబట్టి మనకు బాంగడానే. తల తీసి, కడుపు శుభ్రం చేసి, రెండు పక్కలా మూడు మూడు గాట్లు పెట్టాలి. చింతపండు గుజ్జు చిక్కగా, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ధనియాల పొడి, కొంచెం ఉప్పు, మిరపపొడి సగమే. మిగతా సగం మిరపపొడి ఎందుకు ఆపాలంటే, వేడి పలక మీద కారం నేరుగా మాడితే చేదెక్కుతుంది, ఖోలీ అంతా దగ్గులు. ఆ సగం కారం, నిమ్మరసం, కొత్తిమీర కలిపి పెట్టుకుని దించినంక పుయ్యాలి. ఉప్పు ఇలా తగ్గినా నాలుకకు తెలియదు, పులుపూ కారమూ మీద మీదనే తగులుతాయి గనుక.

మసాలా పట్టించి అరగంట ఉంచితే చేప నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లతోనే పలక మీద పెడితే చేప కాలదు, ఉడుకుతుంది. చాలామంది 'గ్రిల్లు చేప చప్పగా, తెల్లగా వస్తది' అని చెప్పేది ఇందుకే. ఆ నీళ్లు వంచేసి, చేపను బట్టతో అద్ది, అప్పుడు నూనె రుద్దాలి. నూనె పలకకు కాదు, చేపకు. పలకలను ముందు ఖాళీగా ఐదు నిమిషాలు వేడెక్కనివ్వాలి, లైటు మారేదాకా ఆగాలి. తొందరపడి చల్లటి పలక మీద పెడితే తోలు అంటుకుంటుంది, తీసేటప్పుడు సగం చేప పలకకే ఉండిపోతుంది. రెండు పక్కలా ఒకేసారి కాలుతుంది కనుక తిప్పే పని లేదు. మధ్యస్థం బాంగడాకు ఏడెనిమిది నిమిషాలు. మధ్యలో రెండుసార్లు మూత ఎత్తి చూస్తే ఇంకో రెండు నిమిషాలు కలపాలి. వెన్నుముల్లు దగ్గర చెంచాతో తీస్తే మాంసం తెల్లగా పొరలు పొరలుగా విడిపోవాలి. చికెన్ అయితే అన్నిటికంటే మందమైన చోట కోసి చూడాలి, గులాబీ రంగు కనపడితే ఇంకా కావాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన గట్టి ముక్క నేరుగా పెట్టొద్దు, మీద మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నల్లగా మాడిన అంచులుంటే గీకి పారేయండి.

వంకాయ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే నన్నడిగితే ఈ మిషను కొన్న డబ్బు వంకాయలోనే వసూలవుతుంది. తవా మీద వంకాయ ఎంత నూనె పోస్తే అంత తాగుతుంది. వేలు మందాన చక్రాలు కోసి, కొంచెం ఉప్పు చల్లి పది నిమిషాలుంచి, తుడిచి, చెంచాడు నూనె రుద్ది గ్రిల్లులో పెడితే ఆరేడు నిమిషాల్లో మెత్తగా, గీతలు పడి వస్తాయి. మీద పల్లికారం చల్లండి. కానీ పచ్చడికి గుండు వంకాయ కాల్చడానికి మాత్రం మంటే కావాలి. ఆ పొగ వాసన ఈ పలకలకు రాదు.

రానివి ఇంకా ఉన్నాయి. గారెల పిండి వాలు మీదుగా జారి ట్రేలో పడుతుంది. దోసె సంగతి ఎత్తకండి. సర్వపిండి, కొందరు గిన్నప్ప అంటారు, దానికి అడుగున ఎర్రగా పెంకు కట్టడమే అందం. అది గిన్నెలో సన్న సెగ మీద నిదానంగా రావాల్సిందే. గ్రిల్లులో పెడితే పైనా కిందా ఒకే తీరు ఎండిన బిళ్ల అవుతుంది. పండుగలకు గిన్నె తీయండి, ఏడాదికి నాలుగుసార్లు తింటే ఎవరికీ ఏమీ కాదు.

కరెంటు సంగతి మాత్రం మగవాళ్ల మీద వదిలేయకుండా మీరే చూసుకోండి. మిషను అడుగున చిన్న రేకు ఉంటుంది, దాని మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మన గోడలకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోయగలిగింది 1380 వాట్లు, అది కూడా వైరు మంచిగా ఉంటే. చిన్న గ్రిల్లులు 700 నుంచి 1000 వాట్ల లోపల ఉంటాయి, కాబట్టి చిన్న సాకెట్ సరిపోతుంది. పెద్దవి 1500, 2000 వాట్లవి ఉన్నాయి. వాటికి ఫ్రిజ్, గీజర్లకు పెట్టే పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. పిన్ను మార్చి, అడాప్టర్ పెట్టి చిన్న దాంట్లో దూర్చొద్దు. అన్నిటికంటే ప్రమాదం ఎక్స్‌టెన్షన్ డబ్బా: ఒకే డబ్బాకు టీవీ, ఫ్యాను, మొబైల్ చార్జరు, ఆ పక్కన గ్రిల్లు. వైరు చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగిలిందంటే అప్పుడే తీసేయండి. 160 చదరపు అడుగుల బీడీడీ చాళ్ ఖోలీలలో వైరింగు ఎన్నిసార్లు అతుకులు పడిందో ఎవరికీ లెక్క తెలియదు. మిల్లు కార్మికుల కోటాలో 225 అడుగుల కొత్త ఇల్లు వచ్చినవాళ్లు కూడా బోర్డు మీద ఏ సాకెట్ ఏదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మూడు కాళ్ల ప్లగ్గులో లావు కాలు ఎర్తింగుది. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టే తెలివి ఎవరూ చూపించొద్దు.

చాలా చిన్న గ్రిల్లులకు ఆన్, ఆఫ్ బటనే ఉండదు. ప్లగ్గు పెడితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. మధ్యలో లైటు ఆరితే ఆగిపోయిందనుకోవద్దు, పలక వేడి సరిపోయిందని అర్థం. కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. గోడ స్విచ్చు తీసి, ప్లగ్గు కూడా తీయాలి.

షోలాపూర్, భివండీలల్ల ఇల్లూ సాంచాలూ ఒక్కచోటే ఉన్నవాళ్లకు ఒక మాట. సాంచాలున్న అర్రలో గ్రిల్లు పెట్టొద్దు. దూది నుసి గాలిలో తేలి వచ్చి వేడి పలక మీద, ప్లగ్గు సందుల్లో వాలుతుంది. నుసి ఎంత సులువుగా అంటుకుంటుందో మీకు నేను చెప్పాల్నా?

బిల్లు భయం అక్కర్లేదు. 750 వాట్ల మిషను వేడెక్కేది కలిపి 40 నిమిషాలు నడిస్తే అర యూనిట్. యూనిట్ పది రూపాయలనుకున్నా ఐదు రూపాయలు. మధ్యమధ్య ఆగి నడుస్తుంది కనుక ఇంకా తక్కువే. ఆ నలభై నిమిషాలు ఎందుకన్నానంటే, అసలు చిక్కు అక్కడే ఉంది.

చిన్న గ్రిల్లులో ఒక వాయికి పట్టేవి రెండు బాంగడాలు. చెల్లె ఇంట్లో ఆరుగురు. ఆరు చేపలకు మూడు వాయిలు, మధ్యలో పలక మళ్లీ వేడెక్కనివ్వాలి, అంతా కలిపి అరగంట దాటుతుంది. 'ఇంతమందికి ఇదెక్కడ అయితది' అని అందరికీ తవా, మామకు గ్రిల్లు అని పంచుకోవడం అందుకే మొదలయ్యి ఉంటుంది. నేనంటాను, ఐతారం ఒక్కనాడు అందరికీ గ్రిల్లు చేపే చెయ్యి. ఒకే మసాలా, ఒకే వంట. మామ పల్లెంలో ఉన్నదీ మనవడి పల్లెంలో ఉన్నదీ ఒకటే అయితే దవాఖాన కూడు అనే మాట ఎక్కడి నుంచి వస్తుంది? నూనె తగ్గితే మిగతావాళ్లకేమీ నష్టం లేదు. ఆ ఇంట్లో తర్వాత షుగరు వచ్చే వయసు ఎవరిదో చూసుకోండి, ఆ గ్రిల్లు తెచ్చిన కొడుకుదే.

మరి మూడు వాయిల అరగంట నిలబడేది ఎవరు? మళ్లీ చెల్లెనే అయితే నేను చెప్పిందంతా వృథా. అందరూ వేడివేడి తిని లేచినంక ఆఖరి వాయి చల్లబడ్డ చేప ఆమెకు మిగులుతుంది. ఇదివరకు తవా దగ్గర జరిగిందే ఇప్పుడు గ్రిల్లు దగ్గర జరుగుతుంది. ఈ మిషనుకు గ్యాసు పొయ్యిలాగా గట్టు అక్కర్లేదు, మంట లేదు. సాకెట్ పక్కన గట్టి పీట మీద, పిల్లల చేతికి వైరు అందకుండా పెట్టి, దాని ముందు మీ మామను కూర్చోబెట్టు. నేను పరాచికానికి అనడం లేదు. ఒకేసారి నాలుగు సాంచాలు చూసుకున్న మనిషి ఆయన. ఏ చప్పుడు తేడా వస్తే ఏ పోగు తెగిందో చెవితో పట్టినవాళ్లు ఆ తరం. లైటు మారడం చూడటం, మూత ఎత్తడం, ఎనిమిది నిమిషాలు గడియారం చూడటం ఆయనకు ఎంత పని? ఆపరేషన్ గాయం మాని, బరువు ఎత్తొద్దన్న గడువు దాటినంకనే సుమా. నీ పని మసాలా పట్టించడం, ఆయన పని కాల్చడం. మొదటి వాయిలో ఒక చేప నీ పల్లెంలో పడాలి, అది మీ ఆయనకు ముందే చెప్పి పెట్టు.

కడిగే పని కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే ఈ మిషన్లు చాలావరకు కాల్చడంలో పాడు కావు, కడగడంలో పాడవుతాయి. చిన్నవాటికి పలకలు ఊడిరావు. కుళాయి కింద పెడితే లోపలికి నీళ్లు పోయి మిషను పోతుంది, మళ్లీ ప్లగ్గు పెట్టిన మనిషికి షాకు కొడుతుంది. ప్లగ్గు తీసి, పలక చెయ్యి కాలనంత గోరువెచ్చగా ఉన్నప్పుడే తడిబట్ట మడతపెట్టి రెండు పలకల మధ్య పెట్టి ఐదు నిమిషాలు మూయండి. అంటుకున్నదంతా నాని, తుడిస్తే వస్తుంది. స్టీలు పీచు, ఇనుప చెంచా దగ్గరికి రానీయొద్దు, ఆ నల్లపూత గీరుకుపోతే అంతటితో సరి. కర్ర గరిట వాడండి. ట్రే మాత్రం ఆ రాత్రే కడగాలి. పొద్దటికి బొద్దింకలు జాతర చేస్తాయి.

షోలాపూర్ చెల్లెండ్లు 'మాకు చేపలు తక్కువ, మాకేమున్నది ఇందులో' అంటారేమో. నిన్నటి జొన్నరొట్టె ఉంది కదా. నాలుగు ముక్కలు చేసి నూనె చుక్క లేకుండా సన్నటి ముక్కలైతే మూడు నిమిషాలు, మందమైతే ఐదు నిమిషాలు గ్రిల్లులో పెట్టండి. మూత గట్టిగా నొక్కొద్దు, విరుగుతుంది. తీసి గాలికి ఆరనిస్తే కడక్ భాకరీలాగా కరకరలాడుతుంది. పెరుగు, పల్లికారం పక్కన పెట్టుకోండి.